నీటి పీపాలు, షూ లేసులు, వాయిదా తేదీలు: అరిజోనా సరిహద్దు వెంబడి ఒక వారం

2024 జనవరి. అంతకు ముందు నెలలో ఒక్క టూసాన్ సెక్టారులోనే అమెరికా సరిహద్దు గస్తీ దళం (బోర్డర్ పెట్రోల్) దాదాపు 80,000 మందిని అదుపులోకి తీసుకుంది. మెక్సికో, గ్వాటెమాలా, ఈక్వడార్ వాళ్ళతో పాటు సెనెగల్, గినీ, బంగ్లాదేశ్, నేపాల్, ఇండియా నుంచి వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. చాలామంది దొంగచాటుగా తప్పించుకోవాలని చూడడం లేదు. గోడ దాటి, కూర్చుని, పోలీసు వ్యాను కోసం ఎదురు చూస్తున్నారు. అసైలం (ఆశ్రయం) అడగాలంటే ముందు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా! ఈ వారం తిరిగింది అలాంటివాళ్ళకు నీళ్ళు, మందు, లాయరు అందించే మనుషుల వెంట.

ఆదివారం, టూసాన్

సౌత్‌సైడ్ ప్రెస్‌బిటేరియన్ చర్చి పెద్దదేమీ కాదు. ప్రార్థనా మందిరం నైరుతి అమెరికా ఆదివాసుల కివా (పూజామందిరం) పద్ధతిలో గుండ్రంగా ఉంటుంది. 1982 మార్చి 24న పాస్టర్ జాన్ ఫైఫ్ ఈ చర్చి ముందే నిలబడి, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు ఇక్కడ ఆశ్రయం ఇస్తామని బహిరంగంగా ప్రకటించాడు. ఆయన జతగాడు జిమ్ కార్బెట్ పశువులు పెంచుకునే మనిషి, క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు. 1985లో ప్రభుత్వం 16 మంది మీద కేసు పెట్టింది, 1986లో ఎనిమిది మందికి శిక్ష పడింది. ఫైఫ్‌కు జైలు తప్పి ప్రొబేషన్ దక్కింది. తర్వాత వచ్చిన హ్యుమేన్ బోర్డర్స్ (2000), టూసాన్ సమారిటన్స్ (2002), నో మోర్ డెత్స్ (2004) అన్నీ ఈ చుట్టుపక్కల మనుషుల్లోంచి పుట్టినవే.

ఇన్ని సంస్థలు ఎందుకు అవసరమయ్యాయంటే, 1993, 1994ల నుంచి ఎల్ పాసో, శాన్ డియేగో లాంటి ఊళ్ళ దగ్గర కాపలా బిగించారు. ఎడారి ఎటూ దాటలేనిది, దాన్ని చూసి జనం ఆగిపోతారని లెక్క వేశారు. జనం ఆగలేదు. దారి మాత్రం ఎడారిలోకి మళ్ళింది.

మధ్యాహ్నం కాసా అలీతాస్. కాథలిక్ కమ్యూనిటీ సర్వీసెస్ అప్పట్లో నడిపిన వసతి ఇది. కౌంటీ ఇచ్చిన, ఒకప్పటి బాల నేరస్థుల నిర్బంధ గృహంలో ఉండేది. బస్సు ఆగి దిగినవాళ్ళు మొదట అడిగేది అన్నం కాదు, షూ లేసులు. కస్టడీలో లేసులు, బెల్టులు తీసేస్తారు, అందుకని అందరూ కాళ్ళీడ్చుకుంటూ వస్తారు. రెండోది ఫోను చార్జరు. మూడోది మందులు. తెచ్చుకున్న బీపీ, షుగరు మాత్రలు కస్టడీలో తీసేసుకుని ఉంటారు కాబట్టి నర్సు అడిగే మొదటి ప్రశ్న "చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారు" అని.

ఆ తర్వాత ప్రయాణం బల్ల. టికెట్టు కొనేది ఎక్కువగా అవతల ఊళ్ళో ఉన్న చుట్టమే. పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కొలంబస్ ఒహాయోలోనూ ఉంది, జార్జియాలోనూ ఉంది. టికెట్టు మీద పేరు, ప్రభుత్వ కాగితం మీద పేరు అక్షరం అక్షరం కలవాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళకు ఇది మరీ చిక్కు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే ముందు 'ఎఫ్‌ఎన్‌యూ' అని చేరుస్తారు, టికెట్టు కొనేవాడికి ఆ సంగతి తెలియదు. అందుకే వలంటీరు కాగితాన్ని ఫొటో తీసి చుట్టానికి పంపి, అందులో ఉన్నది ఉన్నట్టే కొట్టమంటాడు. ఫోన్లో పేరు చదివి చెప్పడం నిషేధం.

పంపేముందు చివరి పని కోర్టు కాగితం చూడడం. కోర్టుకు హాజరు కమ్మని చెప్పే, ఎన్‌టీఏ అనే ఆ నోటీసులో ఉండాల్సిన చిరునామా చోట కొన్నిసార్లు ఏదో వసతి గృహానిదో, స్వచ్ఛంద సంస్థదో రాసి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే వాయిదా నోటీసు ఇక్కడికి వస్తుంది, మనిషి న్యూజెర్సీలో ఉంటాడు. వాయిదాకు రాకపోతే అతను లేకుండానే దేశం నుంచి పంపేయమని జడ్జి ఉత్తర్వు ఇవ్వచ్చు. చిరునామా మారిన 5 పని దినాల్లో కోర్టుకు ఫారం ఈఓఐఆర్-33 వెళ్ళాలి. ఇక్కడి నుంచే ఖాళీ ఫారం చేతిలో పెట్టి పంపుతారు.

సోమవారం, నొగాలెస్

టూసాన్ నుంచి దక్షిణానికి ఐ-19 మీద గంట పైచిలుకు. అమెరికా అంతా మైళ్ళే గాని, ఈ రోడ్డు మీద దూరాల బోర్డులు కిలోమీటర్లలో ఉంటాయి. మనకు ప్రాణం లేచొస్తుంది.

కీనో బోర్డర్ ఇనీషియేటివ్ 2009లో జెస్యూట్ ఫాదర్ల చొరవతో మొదలైంది. మరిపోసా గేటు దాటగానే మెక్సికో వైపు ఉంటుంది దాని భవనం. అక్కడే వంటశాల, పడకలు, చిన్న క్లినిక్, న్యాయ సలహా. చూడ్డానికి వెళ్ళే తెలుగు విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట: పాస్‌పోర్టు, చెల్లే వీసా, ఐ-94, ఐ-20 లేదా ఐ-797 దగ్గర లేకుండా ఆ గేటు దాటొద్దు. అటు వెళ్ళడం తేలిక, ఇటు రావడమే పని.

ఆ రోజుల్లో ఇక్కడి గొడవంతా, గేటు దగ్గరికి వచ్చి అసైలం అడగడానికి అపాయింట్‌మెంట్ ఇచ్చే సీబీపీ వన్ అనే యాప్‌తోనే. సరిహద్దు మొత్తానికి రోజుకు 1,450 అపాయింట్‌మెంట్లు ఇచ్చేవారు, నొగాలెస్ వాటా వందకు అటూ ఇటూ. యాప్ ఉండేది ఇంగ్లీషు, స్పానిష్, హైతీ క్రియోల్ భాషల్లోనే. మెక్సికో సిటీలో గాని, దానికి ఉత్తరాన గాని ఉంటేనే పనిచేసేది. ముఖం ఫొటో తీసే చోట వెలుతురు చాలక, పాత ఫోన్ల కెమెరా చాలక ఆగిపోయేది. స్లాటు వచ్చాక 23 గంటల్లో ఖాయం చేసుకోకపోతే పోయేది. కుటుంబమంతా ఒకే నమోదులో ఉండాల్సి వచ్చేది. తొందరలో భర్త ఒకటి, భార్య ఒకటి చేసుకుంటే ఒకరికి ఫిబ్రవరి, ఒకరికి జూన్ పడేది. ఇక్కడి వలంటీర్ల పొద్దంతా ఫోన్లు చేతబట్టుకుని ఇలాంటి ముడులు విప్పడంతోనే సరిపోయేది.

యాప్‌లో కాకుండా దాటితే ఏమిటి? అమెరికా నేల మీద ఉన్నవాళ్ళు ఎలా వచ్చినా అసైలం అడగవచ్చని 1980 నాటి చట్టం చెబుతుంది. 2023 మే నిబంధన మాత్రం, అపాయింట్‌మెంట్ లేకుండా దాటినవాళ్ళను మొదటే అనర్హులుగా చూసింది, కారణం చూపించాల్సింది వాళ్ళే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే. ఆ యాప్ కూడా ఎంతో కాలం నిలవలేదు. 2025 జనవరి 20న అపాయింట్‌మెంట్లన్నీ ఒక్క పూటలో రద్దయ్యాయి, నెలల తరబడి ఎదురు చూసినవాళ్ళవి కూడా.

మంగళవారం, ఎడారిలో శిలువలు, పీపాలు

అల్వారో ఎన్సీసో కొలంబియాలో పుట్టిన కళాకారుడు. 2013 నుంచి మంగళవారాలు, ఎడారి దాటుతూ చనిపోయినవాళ్ళు దొరికిన చోట్ల శిలువలు నాటుతున్నాడు, ఇప్పటికి వెయ్యి దాటాయి. శవపరీక్షలు చేసే పిమా కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం, హ్యుమేన్ బోర్డర్స్ కలిసి నడిపే పటంలో, శవం దొరికిన ప్రతి చోటా ఒక ఎర్ర చుక్క ఉంటుంది. చుక్క మీద నొక్కితే తేదీ, అక్షాంశం, రేఖాంశం, మరణ కారణం, తెలిస్తే పేరు కనిపిస్తాయి. ఇంతవరకు 4,000కు పైగా చుక్కలు. వెయ్యికి పైగా శరీరాలకు ఇంకా పేరు లేదు. కారణం చోట ఎక్కువగా కనిపించేవి 'ఎండదెబ్బ లేదా చలి', 'ఎముకలు మాత్రమే' అన్న మాటలు.

శిలువ నాటడానికి కావలసినవి జీపీఎస్, పలుగు, పార, సిమెంటు, ఒక డబ్బాడు నీళ్ళు. ఎడారిలో దొరికిన తుప్పు డబ్బాల రేకు ముక్కలు శిలువకు కొట్టి ఉంటాయి, మీద ఒక ఎర్ర చుక్క. అడుగు లోతు తవ్వేసరికి 'కాలిచే' అనే గట్టి సున్నపు మట్టి రాయిలా తగులుతుంది. పలుగు లేకుండా వెళితే పని కాదు.

తిరుగుదారిలో హ్యుమేన్ బోర్డర్స్ నీటి కేంద్రం ఒకటి. 55 గ్యాలన్ల, అంటే 208 లీటర్ల నీలం పీపా, స్టాండు మీద అడ్డంగా పడుకోబెట్టి, కుళాయి పెట్టి ఉంది. పక్కన పొడుగాటి కర్రకు నీలం జెండా. కాలినడకన వచ్చేవాడికి మెస్కీట్ పొదల మీదుగా ముందు కనిపించేది జెండానే. స్థల యజమాని లేదా ప్రభుత్వ శాఖ అనుమతి లేకుండా పీపా పెట్టరు. వచ్చినప్పుడల్లా కుళాయి తిప్పి గ్లాసులో పట్టి చూస్తారు, నీటి నాణ్యత పరీక్షిస్తారు, పాచి కనబడితే ఉన్నదంతా పారబోసి కడిగి నింపుతారు. మూతకు తాళం ఉంటుంది, ఎందుకంటే లోపల ఏదైనా కలిపేవాళ్ళూ ఉన్నారు. తూటా చిల్లులు, కత్తి గాట్లు కొత్తేమీ కాదు. చిల్లు అడుగున ఉంటే పీపా మార్చాల్సిందే.

ఇంత తాపత్రయం ఎందుకో చిన్న గుణకారం చెబుతుంది. గ్యాలన్ నీళ్ళు 3.8 కిలోలు. వేసవిలో నడిచే మనిషికి రోజుకు రెండు గ్యాలన్లు తక్కువలో తక్కువ. టూసాన్ వైపు నడక ఐదు రోజులనుకుంటే 38 కిలోలు. మోయగలిగేది రెండు డబ్బాలు. రెండో రోజు ఏం తాగుతాడన్నదే ఈ పీపాల లెక్క.

బుధవారం, అరివాకా, సాసాబె

అరివాకా మీదుగా సాసాబె గేటు దగ్గరికి చేరి, అక్కడి నుంచి గోడ పక్కన మట్టిరోడ్డు మీద తూర్పుకు సుమారు 20 మైళ్ళు. ఫోర్ వీల్ డ్రైవ్ లేనిదే కుదరదు. గుట్టలు నిటారుగా ఎక్కి దిగుతాయి, వాన పడితే బండి జారుతుంది. గోడ 30 అడుగుల ఎత్తు, కాంక్రీటు నింపిన ఉక్కు కమ్ములు, మధ్య నాలుగంగుళాల సందు. అంత పెద్ద గోడా ఒక కొండ దగ్గర ఠక్కున ఆగిపోతుంది. మనుషులు దాటేది అక్కడే.

బండ్లు తోలేది ఎక్కువగా గ్రీన్ వ్యాలీ నుంచి వచ్చిన సమారిటన్లు. అది రిటైరైనవాళ్ళ ఊరు. డెబ్భై దాటిన తాతలు, అవ్వలు తెల్లవారుజామునే మెత్తటి నేల కోసం టైర్లలో గాలి కాస్త తగ్గించి, ట్రక్కు ఎక్కిస్తారు. వెనక సామాను: గ్యాలన్ నీళ్ళ డబ్బాలు, యాపిల్స్, గ్రానోలా బార్లు, పొడి మేజోళ్ళు, పిల్లల టోపీలు, డైపర్లు, దుప్పట్లు, పలచటి అల్యూమినియం రేకు దుప్పట్లు, చెత్త సంచులు, ప్రథమ చికిత్స పెట్టె. ఫోను సిగ్నలు చాలా చోట్ల ఉండదు కాబట్టి శాటిలైట్ పరికరం తప్పనిసరి.

జనవరి రాత్రి ఇక్కడ చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. అర్ధరాత్రి దాటినవాళ్ళు వాహనం వచ్చేదాకా ఆరుబయటే, కొన్నిసార్లు గంటల తరబడి. ఎడారి అనగానే అందరూ ఎండదెబ్బే అనుకుంటారు గాని ఈ నెలలో భయం చలిదెబ్బది. కొత్త వలంటీర్లు చేసే తప్పు ఒకటే: తడిసిన బట్టల మీదే రేకు దుప్పటి కప్పి, చల్లటి నేల మీద కూర్చోబెడతారు. అలా కప్పితే తడి లోపలే ఉండిపోతుంది, కింద నుంచి నేల వేడిని పీలుస్తూనే ఉంటుంది. వరస ఇలా ఉండాలి: ముందు గాలి తగలని చోటికి జరపడం, తడి బట్టలు తీసి పొడివి వేయడం, కింద అట్టపెట్టె గాని మందపాటి దుప్పటి గాని పరచడం, తల కప్పడం, ఆపైన రేకు దుప్పటి. మనిషి స్పృహలో ఉండి బాగా మింగగలిగితేనే వేడి తీపి పానీయం. చేతులు కాళ్ళు రుద్దకూడదు. వణుకుతున్నవాడు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. వెంటనే 911.

ఆ తర్వాత పాదాలు. బొబ్బలు చిన్నవైతే చిదపరు. కడిగి, మెత్త వేసి, పొడి మేజోళ్ళు తొడుగుతారు. పగిలి చీము పట్టినవాటిని గుర్తు పెట్టి వైద్యులకు చెబుతారు. గోడ మీద నుంచి పడినవాళ్ళ సంగతి వేరు. మడమ ఎముక చితికినవాడికి నడుమెముక కూడా దెబ్బతిని ఉండవచ్చు, అందుకే "కాలే కదా" అని లేపి నిలబెట్టరు. వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ పొట్లం. అది లేకపోతే లీటరు మంచినీళ్ళలో మట్టంగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి చేత్తో చిటికెడు లెక్క పనికిరాదు.

ఎవరినైనా బండి ఎక్కించుకోవచ్చా? ఇక్కడ అందరూ చాలా జాగ్రత్తగా ఉంటారు. అక్రమంగా ఉన్నవాళ్ళను తరలించడం ఫెడరల్ నేరం. నో మోర్ డెత్స్ వలంటీరు స్కాట్ వారెన్‌ను 2018 జనవరిలో ఆహోలో అరెస్టు చేసి, ఇద్దరికి తిండి, పడక ఇచ్చినందుకు ఏళ్ళ తరబడి జైలు పడగల నేరం మోపారు. మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది, 2019 నవంబరులో రెండో జ్యూరీ నిర్దోషి అంది. అంతకు ముందు 2008లో, వన్యప్రాణి సంరక్షణ భూమిలో నీళ్ళ డబ్బాలు పెట్టినందుకు డాన్ మిల్లిస్‌ను 'చెత్త పారేశాడు' అని దోషిగా తేల్చారు. 2010లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. మూత తీయని మంచినీళ్ళు చెత్త ఎలా అవుతాయన్నది వాదన. ఈ చుట్టుపక్కల ఎడారిలో 2012 నుంచి 2015 దాకా కనీసం 3,586 గ్యాలన్ డబ్బాలు ధ్వంసమైనట్టు నో మోర్ డెత్స్ లెక్క కట్టింది. కాకులు, పశువులు చేసే నష్టం ఉన్నా, పక్షులు కత్తితో కోయవు.

కాబట్టి పద్ధతి ఇది: ఉన్నచోటే తిండి, నీళ్ళు, వైద్యం. ప్రాణం మీదకొస్తే ముందు వైద్యుడికి ఫోను, 911కు ఫోను, సమయం రాసుకోవడం. ఆ తర్వాతే ఏదైనా. కుటుంబం విడిపోకుండా, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక చీటీ మీద రాసి పెద్దవాళ్ళకిస్తారు. తాతను, మనవడిని ఒకే కుటుంబంగా అధికారులు లెక్క వేయకపోవచ్చు.

గురువారం, ఆహో, లూక్‌విల్

86వ రోడ్డు టొహోనో ఓధమ్ ఆదివాసీల భూమి గుండా వెళుతుంది. మరణాలు ఎక్కువగా నమోదయ్యే ప్రాంతాల్లో ఇదొకటి, కానీ ఇక్కడ నీటి కేంద్రాలకు తెగ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. తెగ సభ్యుడైన మైక్ విల్సన్ ఏళ్ళపాటు ఒంటరిగా డబ్బాలు మోశాడు, చివరికి ఆపమన్నారు. బయటివాళ్ళు ఈ విషయంలో తెగను తిట్టడం సులువు. తమ భూమిని సరిహద్దు రెండు ముక్కలు చేసినవాళ్ళు, స్మగ్లర్లకూ గస్తీకీ మధ్య నలిగేవాళ్ళు వాళ్ళు.

లూక్‌విల్ గేటు డిసెంబరు 4న మూసి జనవరి 4న తెరిచారు. 2019 జూన్‌లో ఈ గేటుకు 17 మైళ్ళ పడమర ఒక పంజాబీ పాప, ఆరేళ్ళది, ఎండదెబ్బకు చనిపోయింది. స్మగ్లర్లు ఐదుగురిని సరిహద్దు దగ్గర దింపేశారు. ఆ రోజు ఎండ 42 డిగ్రీలు. తల్లి ఇంకొకామెతో కలిసి నీళ్ళు వెతకడానికి వెళ్ళింది. ఎండలో తికమక పడుతున్న మనిషిని చూస్తే నీళ్ళు తాగించడం కంటే ముందు ఒళ్ళు చల్లబరచాలని ఆహో సమారిటన్లు కొత్తవాళ్ళకు మొదటి రోజే నేర్పుతారు: నీడ, ఒళ్ళంతా తడపడం, విసరడం, చంకల్లో, మెడ మీద మంచు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

శుక్రవారం, ఈలాయ్

గిలా బెండ్ మీదుగా తిరిగి వస్తే పత్తి చేల మధ్య ఈలాయ్ నిర్బంధ కేంద్రం. ప్రైవేటు కంపెనీ నడుపుతుంది. ఇక్కడి ఖైదీలకు ఉచితంగా న్యాయ సాయం చేస్తున్నది 1989లో మొదలైన ఫ్లోరెన్స్ ప్రాజెక్ట్. ఇమిగ్రేషన్ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కు ఉంది, ప్రభుత్వ ఖర్చుతో మాత్రం కాదు. అందుకే వీళ్ళు ముందు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి హక్కులు చెబుతారు, తర్వాత ఒక్కొక్కరినీ వింటారు, లాయరు దొరకనివాళ్ళకు సొంతంగా వాదించుకునే కాగితాల కట్ట ఇస్తారు. ఈ పనికి ఉన్న ఫెడరల్ నిధులు 2025లో ఆగిపోయాయి.

మొదటి మలుపు 'క్రెడిబుల్ ఫియర్' ఇంటర్వ్యూ, అంటే తిరిగి వెళ్ళడానికి ఉన్న భయం నమ్మదగినదేనా అని చూసేది. ఫోన్లో జరుగుతుంది, దుబాసీ కూడా ఫోన్లోనే. సిద్ధం కావడానికి ఇచ్చే వ్యవధిని 2023లో 24 గంటలకు కుదించారు, 2024 జూన్‌లో 4 గంటలకు. ఇందులో తప్పితే జడ్జి చేత తిరిగి చూడమని అడగాలి. అడగకపోతే తిరుగు విమానమే. మన దేశం వాళ్ళు తరచూ చేసే పొరపాటు, "హిందీ వచ్చా" అంటే తలూపడం. గుజరాతీ, పంజాబీ, తెలుగు ఏదైతే బాగా వచ్చో అదే అడిగే హక్కు ఉంది. దుబాసీ దొరక్క ఇంటర్వ్యూ వాయిదా పడినా ఫర్వాలేదు, అరకొర హిందీలో చెప్పిన మాట రెండేళ్ళ తర్వాత జడ్జి ముందు అబద్ధంగా తేలుతుంది.

శనివారం, చాండ్లర్

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వారాంతపు న్యాయ క్లినిక్‌లో అసైలం దరఖాస్తు, అంటే ఫారం ఐ-589 నింపే బల్లల దగ్గర కొరత ఎప్పుడూ లాయర్లది, ఆ తర్వాత దుబాసీలది.

ఫారం ఇంగ్లీషులోనే నింపాలి. దేశంలో అడుగు పెట్టిన ఏడాదిలోపు దాఖలు చేయాలి. మొదటి వాయిదా రెండేళ్ళ తర్వాత ఉంది కదా, అప్పుడు ఇద్దామని కూర్చుని గడువు పోగొట్టుకునేవాళ్ళు కొల్లలు. దాఖలైన 150 రోజులకు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు, 180 రోజులు నిండాకే చేతికి. మధ్యలో మనమే వాయిదా అడిగితే ఆ లెక్క ఆగిపోతుంది. అప్పట్లో ఫారానికి ఫీజు లేదు. 2025 జూలై చట్టంతో 100 డాలర్లు, కేసు నడుస్తున్నంత కాలం ఏటా ఇంకో 100.

అసైలం రావాలంటే హింసకు కారణం ఐదింటిలో ఒకటై ఉండాలి: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ప్రత్యేక సామాజిక వర్గం. అప్పుల బాధ ఇందులో లేదు. డాంకీ దారికి, అంటే దేశాలు దాటించే దొంగదారికి, ఏజెంటుకు కట్టిన లక్షలూ లేవు. ఇది మొహం మీదే చెప్పే లాయరే మంచి లాయరు. కథ రాసిస్తామనే కన్సల్టెంట్లు ఒకే కథను పదిమందికి అమ్ముతారు. ఒకరి వాంగ్మూలం ఇంకొకరి దానితో అతిగా పోలితే జడ్జి అనుమానించవచ్చని, అయితే వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలని 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పిచ్చింది. అది ఒక భారతీయుడి కేసే.

ఒంటి మీద గాయాలుంటే వైద్య నివేదిక. ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్ తరఫు డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ప్రకారం ప్రతి మచ్చకూ కొలత, చోటు, రంగు రాసి, ఫొటో తీసి, చెప్పిన కారణంతో అది ఎంతవరకు సరిపోతుందో ఐదు మెట్లలో తేలుస్తారు: సరిపోదు, సరిపోతుంది, బాగా సరిపోతుంది, ఇలాంటి దెబ్బకు మామూలుగా కనిపించేది, ఇంకో కారణమే ఉండదు. 'సరిపోతుంది' అన్న మెట్టు చాలా కేసులకు చాలు. డాక్టరు జాలిపడి పై మెట్టు వేస్తే అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్నకే నివేదిక కూలుతుంది. 2008–2018 కేసులను చూసిన అధ్యయనంలో ఇలాంటి నివేదిక ఉన్నవాళ్ళలో 81.6 శాతం మందికి ఏదో ఒక రక్షణ దొరికింది, దేశం మొత్తం మీద 42.4 శాతం. నివేదిక ఉన్నవాళ్ళకు లాయరూ ఉంటాడన్నది ఇందులో కలిపి చూడాలి.

తెలుగువాళ్ళు సాయపడగలిగేది అనువాదంలో. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి చీటీ, పంచాయతీ పత్రం ఏదైనా సారాంశం రాస్తే కుదరదు, ముద్రలు, చేతిరాత సహా మొత్తం తర్జుమా చేయాలి. చదవలేని చోట 'చదవడానికి వీలుకాలేదు' అని రాయాలి, ఊహించి పూరించకూడదు. 05/03 అని ఉంటే మనకది మార్చి 5, జడ్జికి మే 3. అందుకే నెలను అక్షరాల్లో రాయాలి. చివర అనువాదకుడి ధ్రువపత్రం: రెండు భాషలూ తనకు వచ్చని, అనువాదం పూర్తిగా సరైనదని, కింద పేరు, చిరునామా, సంతకం, తేదీ. నోటరీ ముద్ర అక్కర్లేదు. దరఖాస్తుదారుడు గాని, అతని ఇంట్లోవాళ్ళు గాని అనువదించకపోవడం మేలు.